మామ్మగారి మెస్సులో పల్చటి పిజ్జా

సంగతిలోకి వెళ్ళేముందు ఒక మాట ఒప్పేసుకుంటాను. నేను పెంచి చెప్పే మనిషిని. కావాలని కాదు. నోట్లోంచి బయటికొచ్చేసరికి మాట దానంతట అదే ఉబ్బుతుంది, నానబోసిన సగ్గుబియ్యంలాగా. చిన్నప్పుడు నన్ను ఒక కుక్కపిల్ల గీరింది. ఇంటికొచ్చేసరికి దాన్ని పెద్ద కుక్కను చేశాను, ఆస్పత్రికి చేరేసరికి పిచ్చికుక్కను చేశాను. డాక్టరుగారు పాపం నమ్మి, బొడ్డు చుట్టూ సూదులు పొడిచారు. అంత జరిగినా అలవాటు పోలేదు. కాబట్టి నేను ఏనుగు అంటే మీరు గేదె అనుకోండి, గేదె అంటే మేక అనుకోండి. మేక అన్నచోట మాత్రం నిజంగా మేకే ఉంటుంది, కాస్త బక్కది కావచ్చు.

మోకాళ్ళు రెండూ కూడబలుక్కుని నాకంటే ముందే రిటైరవడంతో, యాభై దాటగానే వంటగది వదిలేశాను. అంతకుముందు మస్కట్‌లో, మండపేటలో, రాజమండ్రిలో గరిటె తిప్పాను. ఆఖరి ఉద్యోగం రామచంద్రపురం దగ్గర ఒక నర్సింగ్ స్కూలు హాస్టల్లో, మెస్సు వంటవాడిగా. కేటరింగ్ కోర్సులు చదివి, తెల్లటోపీలు పెట్టుకుని ఇప్పుడిప్పుడే పొయ్యి దగ్గరికొస్తున్న మీలాంటి పిల్లలకి ఆ మెస్సులో ఒక శనివారం సంగతి చెప్పాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. ఇందులో మీకు పనికొచ్చే వంటకం కూడా ఒకటుంది. దాన్ని మాత్రం పెంచకుండా చెబుతాను. పిండి కలిపే పద్ధతిలో అబద్ధమాడితే ఆ పాపం పెనానికి అంటుకుంటుంది.

మెస్సులో మేం ముగ్గురం. పెద్ద వంటావిడని స్కూలంతా మామ్మగారనే పిలిచేది, ప్రిన్సిపాల్ మేడమ్‌తో సహా. లూథరన్ చర్చి ఆవిడ. పొయ్యి వెలిగించే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. ఆ ప్రార్థన ముగిసేలోగా చేతిలో లైటరు తుప్పు పట్టేది. భర్త చనిపోయిన ఏడాదే ఈ మెస్సులో పనికి చేరి, వంటగది పక్కనున్న సామాన్ల గదిలోనే మంచం వేసుకున్నారు. ఆవిడకి ఇంకో ఇల్లంటూ లేదు. ఇక రెండో మనిషి బాబాయ్. మండపేట రైసుమిల్లులో లారీలకి బస్తాలెత్తి, నడుం పట్టేశాక కూరలు తరగడానికొచ్చాడు. బస్తాలెత్తిన చేతులు కదా, ఆయన అరచేయి చాపితే దాని నీడలో ఇద్దరు కూర్చుని భోంచెయ్యొచ్చు. మూడోవాణ్ణి నేను. మస్కట్ వెళ్ళొచ్చానన్న గౌరవంతో, గౌరవం కన్నా ఎటకారం కొంచెం ఎక్కువ కలిపి, బాబాయ్ నన్ను 'మస్కటు మాస్టారూ' అనేవాడు.

మామ్మగారి వంటకి ఒకటే ధర్మం. తిన్నవాళ్ళు చాలు చాలని చేతులు అడ్డం పెట్టాలి, ఆ తర్వాత కూడా గిన్నెలో మిగలాలి. గిన్నె అడుగు కనబడిందంటే వండినవాళ్ళ పరువు పోయిందన్నమాటే. ఈ ధర్మం ప్రకారం సాయంత్రం టిఫిన్లు కూడా జరిగేవి. ఒకరోజు బజ్జీలు, ఒకరోజు పునుగులు, ఒకరోజు గారెలు, తర్వాత మళ్ళీ బజ్జీలు. రుచికి వంక పెట్టే మొనగాడు గోదావరికి ఇటూ అటూ పుట్టలేదు. నూనె సంగతి మాత్రం చెప్పను. టిఫిన్ అయ్యాక మెస్సు తలుపు గడియ చేతికి చిక్కేది కాదు, జారిపోయేది.

అవి తిన్న పిల్లలు స్టడీ అవర్‌లో పుస్తకాల మీద వాలి నిద్రపోయేవారు. కొన్నాళ్ళకి మెస్సుకి రావడమే తగ్గించారు. సాయంత్రమయ్యేసరికి టౌన్లోంచి మోటారు సైకిళ్ళ మీద చదరపు అట్టపెట్టెలు దిగడం మొదలైంది. గేటు దగ్గర ఆ ఖాళీ పెట్టెలు గుట్టపడ్డాయి. ఆ గుట్టెక్కితే కాకినాడ సముద్రం కనిపించేది. ఇటు మా పునుగులు చల్లారిపోయేవి. వాటిని చూస్తూ మామ్మగారు, "ఈ పిల్లలకి ఆకల్లేదేంటయ్యా? ఏదన్నా జబ్బేమో కనుక్కోండి," అనేవారు. నర్సింగ్ పిల్లలకి జబ్బేంటని బాబాయ్ నవ్వేవాడు. ఒకరోజు ఆ నవ్వు కూడా ఆగిపోయింది.

ఆ రోజు ప్రిన్సిపాల్ మేడమ్ వంటగదిలోకి వచ్చారు. కోపమొచ్చినా గొంతు పెంచని మనిషి. అందుకే అందరికీ భయం.

"మామ్మగారూ, దాచి లాభం లేదండి, చెప్పేస్తున్నాను. పిల్లలు బయట తిండి తింటున్నారని ఇళ్ళనుంచి కంప్లైంట్లు వస్తున్నాయి. మెస్సుని సిటీ కాంట్రాక్టరుకి ఇచ్చేద్దామని కమిటీలో అంటున్నారు. సోమవారం మీటింగు."

"ఇచ్చేస్తే మరి మేవండి?" అన్నాడు బాబాయ్.

"కాంట్రాక్టరు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు." ఆవిడ మామ్మగారి వైపు చూడకుండానే చెప్పారు. "శనివారం సాయంత్రం నేనే వచ్చి ఇక్కడ తింటాను. పిల్లలు గేటు దగ్గరికి వెళ్ళకుండా మెస్సుకొచ్చి తిన్నారనుకోండి, మీటింగులో మీ తరఫున మాట్లాడతాను. లేకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదండి."

ఆవిడ వెళ్ళాక మామ్మగారు సామాన్ల గది తలుపు వంక ఒకసారి చూశారు. లోపల మంచం, గోడకి బైబిలు సంచి. ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయారు. ఆవిడ చేతిలో ఉప్పు తప్పడం నేను చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

మెస్ లీడరు అని ఒక పిల్ల ఉండేది. గడగడా మాట్లాడేది, మొహమాటం లేదు. అసలు మీకేం కావాలని దాన్ని పిలిచి అడిగాను.

"అంకుల్, మీరేం అనుకోనంటే చెప్తాను. మాకు పిజ్జా కావాలి. కానీ ఆ బయట పిజ్జా కూడా వద్దు. అది తిన్నా నిద్రే, ఇది తిన్నా నిద్రే. ఇప్పుడు తిన్నాం, అప్పుడు లేచాం అన్నట్టుండాలి. అలాంటిది ఏదైనా ఉందా?"

"ఉందమ్మా," అన్నాను. అప్పటికి లేదు.

అక్కడ నాకు మస్కట్ గుర్తొచ్చింది. నేను పనిచేసిన హోటలు ఓనరు లెబనాన్ ఆయన. ఆ దేశం మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడివాళ్ళ తిండిలో ఆలివ్ నూనె, నిమ్మ, వెల్లుల్లి, నువ్వులు, కాల్చిన వంకాయ, ఆకులు, కాస్తంత ఉప్పటి జున్నులాంటిది. రొట్టె మీద ఇవి పల్చగా రాసి, కాల్చి, మడిచి తినేవారు. తింటే ఆకలి తీరేది, బద్ధకం వచ్చేది కాదు. మన దగ్గర ఆ రొట్టె కాల్చే బట్టీ లేకపోతేనేం, దోసెల పెనముందిగా!

ఇదిగో వంటకం. రాసుకోండి. గోధుమపిండిలో ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి, నీళ్ళ బదులు పెరుగుతో కలపాలి. ఈస్టు అక్కర్లేదు, రాత్రంతా పులవక్కర్లేదు. కూరలు తరిగేలోపు పిండి సర్దుకుంటుంది. చపాతీ కన్నా కాస్త మందంగా ఒత్తి, వేడి పెనం మీద ఒకవైపు కాల్చి తిరగెయ్యాలి. కాలిన వైపు పైకొస్తుంది కదా, దాని మీద వెల్లుల్లి కలిపిన వంకాయ గుజ్జు పల్చగా రాయాలి. గింజలు తీసేసిన టమాటా ముక్కలు, పుదీనా, వేయించిన నువ్వులు, నలిపిన వాము చల్లాలి. పనీరుని ఉప్పూ నిమ్మరసంలో కాసేపు ఉంచి, చిదిపి అక్కడక్కడా వెయ్యాలి. అక్కడక్కడా అన్న మాట కింద గీత గియ్యండి. మూతపెట్టి సన్నమంట. దోసె తినేవాడు చట్నీ కోసం చుట్టూ చూసేలోపు అయిపోతుంది. దించాక రెండు చుక్కలు ఆలివ్ నూనె, ఉప్పులో ఊరిన నిమ్మకాయ పేలికలు నాలుగు.

ఆ సరుకంతా బల్లమీద పెడితే మామ్మగారు నూనె సీసా ఎత్తి చూశారు. "ఇది చంటిపిల్లలకి ఒళ్ళు రుద్దే నూనె కదయ్యా?"

"తింటారండి."

"ఎవరూ?"

"విదేశాల్లోనండి."

బాబాయ్ ఉప్పు నిమ్మకాయ వాసన చూశాడు. "ఇది జొరమొచ్చినోళ్ళకి గంజిలోకి పెట్టేది. ఈ వాము కడుపునొప్పికి. ఏంటి మాస్టారూ, పిజ్జా చేస్తన్నారా, ఆస్పత్రి పెడతన్నారా?"

"నర్సింగ్ స్కూలే కదా బాబాయ్, కలిసొస్తుంది," అన్నాను.

మొదటిది కాల్చి మామ్మగారి చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు. "ఇది అయిపోయినట్టా, మొదలెట్టినట్టా?"

"అయిపోయిందండి."

"దీని గుండా కేలండరు కనబడతంది మాస్టారూ," అన్నాడు బాబాయ్. "తారీకు కూడా చదవొచ్చు."

తిన్నారు. బాగుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. కానీ మామ్మగారి మొహంలో ఏదో బెంగ. "రుచికేం తక్కువ లేదు నాయనా. తినేవాళ్ళ ముందు ఇంత పల్చటిది పెట్టడానికి చెయ్యెలా వస్తుంది?" అన్నారు. ఆ మాటని నేను అప్పుడే పట్టించుకోవాల్సింది. వంటవాడి చెవులు పెనం మీద చుర్రుమనే చప్పుడికే అలవాటుపడి ఉంటాయి, మనుషుల మాట పడదు.

శనివారం వచ్చింది. హాస్టలంతా వార్త పాకిపోయింది. మెస్సులో పిజ్జా, ప్రిన్సిపాల్ మేడమ్ వస్తున్నారట. తింటానికొచ్చినవాళ్ళు సగం, చూడ్డానికొచ్చినవాళ్ళు సగం. ఫోన్లు మాత్రం అందరి చేతుల్లోనూ ఉన్నాయి. బాగోలేకపోతే టౌనుకి ఒక్క నొక్కు చాలు. పొడుగాటి దోసెల పెనం మీద మొదటి వాయి రొట్టెలు పరిచి, పైవన్నీ అమర్చి, నేను మేడమ్‌ని లోపలికి తీసుకురావడానికి గేటు దాకా వెళ్ళాను. అంతే, వెళ్ళి రావడం.

తిరిగొచ్చేసరికి మూతలు పెనం మీద లేవు, గాల్లో ఉన్నాయి. అంటే, మూతకీ పెనానికీ మధ్య పిజ్జాలు ఎత్తుగా పెరిగి మూతల్ని నెత్తిన పెట్టుకుని నిలబడ్డాయి.  ఈలోగా మామ్మగారు అందులో అన్నిటికన్నా బరువైనదాన్ని ఏరి, రెండు చేతులా పట్టుకుని, మేడమ్ పళ్ళెంలో పెట్టేశారు. బల్ల కిర్రుమంది.

మేడమ్ ఒక ముక్క ఎత్తారు. రొట్టె కిందికి వంగిపోయింది. పైనున్నదంతా జర్రున పళ్ళెంలోకి జారింది. పనీరు, వంకాయ, మధ్యాహ్నం మిగిలిన బంగాళాదుంప కూర, ఉడకబెట్టిన గుడ్డు చక్రాలు, వేయించిన జీడిపప్పు. మేడమ్ చేతిలో ఒట్టి రొట్టె తడిగుడ్డలా వేలాడింది.

"ఇది పిజ్జానా అండి, పెళ్ళిభోజనమా?" అన్నారు ఆవిడ, నెమ్మదిగా.

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. ఒక పిల్ల ఫోను తీసింది. ఇంకో పిల్ల, "నాక్కూడా ఒకటి చెప్పవే," అంది.

నేను పెనం దగ్గరికి పరిగెత్తాను. "ఎవరు చేశారిది?"

మామ్మగారు తల వంచుకున్నారు. "మేడమ్‌గారు తింటారు కదా అని ఒక్క పిడికెడు పనీరు వేశానయ్యా. నెయ్యి ఒక్క చుక్క."

"నేనూ ఒక్క పిడికెడే," అన్నాడు బాబాయ్. "కూరా, గుడ్లూ మిగిలిపోయాయి మాస్టారూ. పాపం పిల్లలు ఒట్టి కడుపుతో లేస్తారేమోనని..."

బాబాయ్ పిడికెడంటే మామూలు మనుషుల భాషలో బుట్టెడు. కోప్పడదామని నోరు తెరిచాను. అప్పుడు జీడిపప్పు గుర్తొచ్చింది. అది వేసింది నేనే. మేడమ్ కోసం గేటుకి వెళ్ళేముందు, ఎవరూ చూడకుండా, గుప్పెడు. అక్కడక్కడా అన్న మాట కింద గీత గియ్యమని మీకు చెప్పినవాణ్ణే. ఎంత మస్కట్ వెళ్ళొస్తే మాత్రం, అతిథి పళ్ళెంలో ఖాళీ కనిపిస్తే గోదావరి జిల్లా చెయ్యి ఊరుకుంటుందా?

పనీరు గిన్నె చూశాను. అడుగున ఒక పలచని పొర. జీడిపప్పు లేదు, కూర లేదు, గుడ్లు లేవు. వెయ్యాలన్నా వెయ్యడానికి ఏమీ మిగల్లేదు. ఉన్నది పెరుగుతో కలిపిన పిండి, వంకాయ గుజ్జు, టమాటా, పుదీనా, నువ్వులు, వాము, నిమ్మకాయ.

"మామ్మగారూ, ఒత్తండి," అన్నాను.

"పైన ఏం వేస్తావయ్యా?"

"ఉన్నదే."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ చేతులు ఆగలేదు. ఆ ఒత్తడం మీరు చూడాల్సింది. అప్పడాల కర్ర ఆడుతోందో ఎగురుతోందో తెలిసేది కాదు. బాబాయ్ పల్చగా రాశాడు. అంత పెద్ద చేత్తో అంత పల్చగా ఎలా రాశాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. పనీరు నేనే వేశాను, కోళ్ళకి నూకలు చల్లినట్టు. మూత, మంట, నూనె చుక్క. మొదటిది మెస్ లీడరు పళ్ళెంలో పడింది.

మామ్మగారు పళ్ళెం అందిస్తూ, "ఏమనుకోకు తల్లీ, పల్చగా వచ్చింది. ఇంకోటి వేస్తాను, నిలబడు," అన్నారు.

ఆ పిల్ల కొరికింది. కరకరమన్న చప్పుడు సామర్లకోట స్టేషన్లో ప్లాట్‌ఫారం మీదున్నవాళ్ళకి వినబడింది. నమిలింది. ఒక్క క్షణం ఆ గడగడ నోరు మూతపడింది.

"మామ్మగారూ," అంది, "ఈ నిమ్మకాయేంటండీ ఇలా ఉంది!"

"బాగోలేదా తల్లీ?"

"బాగోలేదేంటండీ బాబూ! జరగవే, నేను రెండోదానికి నిలబడాలి."

అక్కడినుంచి పెనం ముందు తోపులాట. ఫోను తీసిన పిల్ల ఫోను చేతిలోనే మర్చిపోయి, దాని మీదే పళ్ళెం పెట్టుకుని తింది. తిన్నవాళ్ళు మళ్ళీ వరస చివర చేరారు. ఒక్కొక్కరికీ మామ్మగారు ఏమనుకోకమ్మా అని క్షమాపణ చెబుతూనే ఉన్నారు, వాళ్ళు ఇంకోటి అంటూనే ఉన్నారు. మేడమ్ కూడా లేచొచ్చి వరసలో నిలబడి, పల్చటిదొకటి తీసుకుని, గోడకి ఆనుకుని తిన్నారు. గేటు దగ్గర హారన్ మోగలేదు. పిండి అయిపోయింది. వంకాయ గుజ్జు గిన్నెని ఒక పిల్ల వేలితో తుడిచి నాకేసింది.

పిల్లలు స్టడీ అవర్‌కి వెళ్ళిపోయారు. మెస్సు నిశ్శబ్దమైపోయింది. నాకు ఎగిరి గంతేయాలనుంది, మోకాళ్ళు ఒప్పుకోలేదు గానీ. తిరిగి చూస్తే మామ్మగారు పీట మీద కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏమైందండి?"

"గిన్నెలు చూడు నాయనా. అన్నీ ఖాళీ. నా చేతి మీద ఏనాడూ ఇలా జరగలేదు. చాలక లేచిపోయారు పిల్లలు. పస్తు పెట్టాను. ఇంక ఏ మొహం పెట్టుకుని ఉంటాను ఇక్కడ? సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే మంచం సర్దేసుకుంటాను."

బాబాయ్ నా వైపు చూశాడు, నేను బాబాయ్ వైపు చూశాను. ఆవిడ లెక్కలో ఇది ఓటమి. చెబితే వినే మనిషి కాదు. అప్పుడు ప్రిన్సిపాల్ మేడమ్ ముందుకొచ్చి గంభీరంగా అన్నారు:

"మామ్మగారూ! గిన్నె ఖాళీ అయిందంటే మీ పరువు పోయినట్టు కాదండి, నిలబడినట్టు! ఇన్నాళ్ళూ మీరు మిగిల్చిన బజ్జీలకన్నా, ఈరోజు మిగల్చని పిజ్జాలే ఈ సంస్థ చరిత్రలో నిలిచిపోతాయి! ఈ వంటగది ఉన్నంతకాలం మీరుంటారు!" అని కాంట్రాక్టు కాయితాన్ని నిలువునా చింపి మా పొయ్యిలో పడేశారు. మంట కప్పు దాకా లేచింది. బాబాయ్ చప్పట్లు కొడితే కిటికీ అద్దం పగిలింది.

సరే, ఇక ఆగుతాను. నమ్మలేదు కదా? మంచిపని చేశారు. ఇంతసేపూ ఏనుగుల్ని గేదెలుగా, గేదెల్ని మేకలుగా తగ్గించుకుంటూ వచ్చారు. ఇక్కడ మాత్రం మేక కూడా లేదు. ఆ ప్రసంగం, ఆ కాయితం చింపడం, ఆ మంట, ఆ అద్దం, మొత్తం నా కల్పన. మిగతావన్నీ కాస్త ఉబ్బినవే గానీ జరిగినవి.

అక్కడ జరిగింది ఇది. మేడమ్ తిన్న పళ్ళేన్ని తనే కుళాయి కింద కడిగి బోర్లించారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, మామ్మగారి ముందు నిలబడి మామూలుగా అడిగారు.

"రేపు సాయంత్రానికి ఏం చేస్తున్నారండి?"

మామ్మగారు కొంగు కిందికి దించారు. "రేపా అండి?"

"ఊఁ. రేపు. ఎల్లుండి మీటింగుకి కూడా ఏదైనా ఇక్కడినుంచే పంపించండి. నేను మాట్లాడేటప్పుడు వాళ్ళు తింటూ ఉంటే మంచిది."

మామ్మగారు కాసేపు ఆవిడ మొహంలోకి చూశారు. తర్వాత నా వైపు, బాబాయ్ వైపు చూశారు. మోకాలి మీద చెయ్యేసి పీట మీంచి లేచారు.

"రేపు గుగ్గిళ్ళండి," అన్నారు. "నూనె తాలింపు వరకే."

శనగల డబ్బా మూత తీసి, పెద్ద గిన్నెలోకి పోసి, కుళాయి తిప్పారు.